జామపండు లోపలి రంగు

ములుగు దాటి, అడవిలో
14 జూన్ 2025

చోటూ అర్షద్‌కు నీ నుస్రత్ ఆపా దువాలు.

క్షేమంగా చేరాను. ఆ మాట చెప్పడానికి కూడా ఉత్తరమే రాయాల్సిన ఊరు ఇది. సబ్ సెంటర్ వెనక గుట్ట ఎక్కితే ఫోనులో ఒక గీత కనబడుతుందన్నారు. ఎక్కాను. గీత రాలేదు గానీ కాళ్ళు పట్టేశాయి. కొత్త నర్సమ్మే ముందుగా నొప్పుల గోళీ మింగిందని ఊరంతా నవ్వింది. టీకాల డబ్బా తెచ్చే ఉప్పలయ్య అన్న చేతికి ఉత్తరాలిస్తే ములుగులో పోస్టు చేస్తానన్నాడు. నెలకోసారి మీటింగుకు ములుగు పోయినప్పుడు నా బటన్ ఫోను పలుకుతుంది. కానీ ఆ కాసేపూ అమ్మీయే మాట్లాడుతుంది, నేను ఊఁ కొడతాను.

అసలు సంగతికి వస్తా. నా పెద్ద ఫోను నీ చేతిలో పెట్టి వచ్చాను. అందులో నా కొట్టు ఉంది. నీకది ఆట. ఖులా తీసుకుని, మొగుణ్ణి వదిలి పుట్టింటికి వచ్చిన ఏడాది నేను ఎట్లా ఉన్నానో నువ్వు చూశావు. గల్లీలో ఎవరు ఎదురైనా జాలిగా చూసేవాళ్ళు. తలుపేసుకుని, ఫోనులో ఆ 'నయా బస్తీ' ఆటలో చౌక్ మూలన నేల మీద గుడ్డ పరిచి, నాలుగు రంగుల నూలు పెట్టుకుని కూర్చున్నాను. అక్కడ నన్ను ఎవరూ మళ్ళీ పెళ్ళెప్పుడని అడగలేదు. ఈ రంగు ఎట్లా తెచ్చావని అడిగారు. గుడ్డ తోపుడు బండి అయింది, బండి రెండు తలుపుల కొట్టయింది. 'రహీమాబీ రంగుల కొట్టు' అని అమ్మీ పేరు పెట్టుకున్నాను. ఎక్కడెక్కడి వాళ్ళో ఆటలో తాము కట్టుకున్న ఇళ్ళకు జంపఖానాలు, పరదాలు నా దగ్గరే కొంటున్నారు.

అబ్బా కొత్తవాడ మగ్గాలకు నూలు రంగు వేసిన రోజుల్లో, ఆ పొద్దు దిగిన రంగు తెలియడానికి ఒక పోగు వాకిట కట్టేవాడు, గుర్తుందా? మగ్గాలవాళ్ళు దాన్ని వెలుతురుకు పట్టి చూసేవాళ్ళు. నచ్చితే లోపలికి వచ్చేవాళ్ళు, లేకుంటే పోగు తెంపుకుని పోయేవాళ్ళు. అబ్బా మళ్ళీ ఇంకో పోగు కట్టేవాడు. నా కొట్టులోనూ రోజూ ఒక పోగు తలుపుకు కట్టు. ఎవరైనా ఉత్తగనే, పైసా ఇవ్వకుండా తీసుకుపోవచ్చు. ఈ రోజు పోగు తీసుకుపోయినవాడే రేపు వచ్చి కొంటాడు.

ఇక జామపండు లోపలి రంగు. మన కొట్టుకు పేరే దానితో వచ్చింది. ముందు లేత పసుపులో ముంచు. ఆరనీ. ఆటలో ఒక రాత్రి గడిస్తే గానీ ఆరదు. ఆ తరువాతే ఎరుపులో ముంచు. తడి మీద ముంచితే గాజుల ఎరుపు దిగుతుంది, అది చౌక్‌లో అందరి దగ్గరా దొరుకుతుంది.

నా ప్రాణం నీ జేబులో ఉందనుకుని జాగ్రత్తగా చూడు.

నీ ఆపా


కొత్తవాడ, వరంగల్
29 జూన్ 2025

నుస్రత్ ఆపాకు సలామ్.

బడిలో లీవ్ లెటర్ తరువాత నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్దకు.

నీ కొట్టు బాగుంది. ఫోన్ల షాపులో గిరాకీ లేనప్పుడు మా సేటు కళ్ళు గప్పి చూసుకుంటున్నాను. నువ్వేమో గుడ్డ, బండి అని కథ చెప్పావు గానీ ఆపా, ఇంత జనం వస్తారని నాకెప్పుడూ చెప్పలేదు. ఒక్కటే చిక్కు. ఎదురుగా ఎవడో కొత్త కొట్టు పెట్టి పరదాలు సగం ధరకు ఇస్తున్నాడు. మనం కూడా తగ్గిద్దామా?

ఆటలో తన పేరు రాసి ఉందని విని అమ్మీ చూపించమంది. చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూసి, "బోర్డు జర వంకరున్నట్టుంది" అంది.

ఇంకొక మాట. మేడ మీద ఒక గది వేయాలనుకుంటున్నాను. ఇల్లు ఒక్కడి పేరు మీద ఉంటేనే అప్పు ఇస్తామని బ్యాంకువాళ్ళు అంటున్నారు. అబ్బా పోయాక మనం కాగితాల సంగతి పట్టించుకోలేదు కదా. నీ వంతు మాఫ్ చేసినట్టు ఒక సంతకం పెడితే అయిపోతుంది. తొందరేమీ లేదు, వీలు చూసుకుని రా.

అర్షద్


అడవిలో
20 జులై 2025

చోటూకు దువాలు.

ధర తగ్గించకు. సగానికి అమ్మేవాడి దగ్గర కొన్నవాళ్ళు రెండు రోజులు తిరిగి మన దగ్గరికే వస్తారు. అబ్బా ఎదుట ఎంతమంది రంగుల దుకాణాలు పెట్టి ఎత్తేశారో నీకు తెలియదు, నువ్వప్పుడు రంగు నీళ్ళ గోలెంలో పడవలు వదులుకునేవాడివి. ఒకసారి నీలం గోలెంలో పడ్డావు కూడా. పండుగ ఫోటోలో నీ చెవులు నీలంగానే ఉంటాయి చూడు. ఎదుటివాడి కొట్టు చూడకు, మన పోగు ఆగకుండా చూడు.

ఇక్కడ వాన మొదలైంది. పొద్దునంతా జ్వరాల వాళ్ళకు రక్తం తీస్తూ ఉంటాను. సాయంత్రం ఏమీ తోచక గోడ మీద తడి మరకలు చూస్తూ, ఆ రంగుకు ఏమేం కలపాలా అని లెక్క వేస్తుంటాను. పిచ్చి పట్టిందనుకోకు.

సంతకానిదేముంది, పెడతాను. మన ఇళ్ళలో ఏ అక్క పెట్టలేదు? ఇల్లని, కొట్టని, నీది నాది అని మనం ఎప్పుడైనా విడదీసుకున్నామా? అంతా నీదే తమ్ముడూ. నువ్వు బాగుంటే చాలు. అమ్మీని బోర్డు నిటారుగా పెట్టించానని చెప్పి ఖుష్ చెయ్యి.

ప్రేమతో
ఆపా


కొత్తవాడ
17 ఆగస్టు 2025

ఆపాకు సలామ్.

కూర్చుని చదువు. కొట్టు మూడు తలుపులైంది. పక్కనున్న చెప్పుల కొట్టువాడు ఆట మానేస్తే ఆ జాగా నేనే తీసుకున్నాను. ఆట ఇచ్చే పనిమనుషులను ఇద్దరిని పెట్టాను, ఒకరు లోపల, ఒకరు వాకిట్లో పిలవడానికి. చౌక్‌లో ఇప్పుడు మన కొట్టే పెద్దది. నేను లేకుంటే నువ్వు ఇంకా గుడ్డ పరుచుకుని కూర్చునేదానివి (నవ్వులకే అంటున్నా).

ఆ పోగుల సంగతి జర ఆలోచించాలి ఆపా. ఉత్తగ వచ్చేదాని కోసమే జనం ఎగబడుతున్నారు. వాకిలి నిండి కొనేవాళ్ళు లోపలికి రాలేకపోతున్నారు.

ఇంకో ఖబర్. హన్మకొండ నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు సబియా. డిగ్రీ అయింది, చక్కగా మాట్లాడుతుంది. వాళ్ళ అబ్బా ఏం చేస్తావని అడిగితే ఫోన్ల షాపులో ఉంటానన్నాను. ఆయన ముఖం చిన్నదైంది. అప్పుడు జేబులోంచి కొట్టు తీసి చూపించాను. ఆయన ఛాయ్ చల్లారేదాకా చూశాడు.

అర్షద్


అడవిలో
10 సెప్టెంబరు 2025

చోటూకు దువాలు.

నీ ఉత్తరం రాలేదు. వాగు పొంగి దారి తెగిపోయింది, ఉప్పలయ్య అన్న పది పదిహేను రోజులుగా ఇటు రాలేదు. మొన్న నొప్పులు పడుతున్న ఒక అమ్మాయిని మంచం మీద ఎత్తుకుని వాగు దాటించారు. నేను పక్కన నడుములోతు నీళ్ళలో ఆమె చెయ్యి పట్టుకుని నడిచాను. ఆడపిల్ల పుట్టింది. బిడ్డ తండ్రి ఒకసారి చూసి బయటికి పోయాడు. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నాకు మన ఇల్లు గుర్తొచ్చింది, ఎందుకో అడగకు.

ఒక పని చెయ్యాలి నువ్వు. దారి తెగకముందు మీటింగులో మా కొత్త స్టాఫ్ నర్సు భవాని ఒక మాట చెప్పింది. ఆ పిల్ల కూడా ఆ ఆట ఆడుతుంది. ఆట కంపెనీవాళ్ళు పెద్ద కొట్ల యజమానులకే కొత్త రంగులు తయారు చేసే పని ఇస్తున్నారట. నెల జీతం, ఇంట్లో కూర్చునే చెయ్యవచ్చు. నా కాంట్రాక్టు మార్చితో అయిపోతుంది. మళ్ళీ ఇస్తారో లేదో తెలియదు. ఆ పని దొరికితే నేను ఇంటికి వచ్చేస్తాను చోటూ. ఇంటి వెనక అబ్బా గోలేల పక్కన ఒక కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఎవరికీ భారం కాను. నీ పెళ్ళాం వచ్చినా నా ముఖం చూసి మూతి తిప్పే అవసరం ఉండదు.

నా పేరు మీద దరఖాస్తు పెట్టు. కొట్టు ఎట్లా మొదలైందో రాయి, జామపండు రంగు ఒక పోగు జత చెయ్యి. ఇంతకన్నా నిన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు.

నీ ఆపా


కొత్తవాడ
12 అక్టోబరు 2025

ఆపాకు సలామ్.

దరఖాస్తు పెట్టాను. ఫికర్ చెయ్యకు.

పెద్ద ఫోనులోని నీ సిమ్ రీచార్జి లేక మూతపడింది, ఓటీపీలు రావడం లేదు. కొట్టు మూతపడకుండా నా నంబరుకు మార్చుకున్నాను.

సబియాతో మాట ఖాయమైంది. రంజాన్ రాకముందే నిఖా. ఇప్పుడామె కూడా కొట్టు చూస్తోంది. చురుకైనది. వాకిట్లో దీపాలు పెట్టించింది.

అమ్మీకి మోకాళ్ళ నొప్పి. నువ్వు పంపిన తైలం రాస్తున్నాం.

అర్షద్


అడవిలో
9 నవంబరు 2025

చోటూకు బోలెడు దువాలు, ముబారక్.

నీ ఆగస్టు ఉత్తరం, అక్టోబరు ఉత్తరం రెండూ ఒకేరోజు అందాయి. ఒకదాంట్లో సంబంధం చూశావు, ఇంకోదాంట్లో ఖాయం చేశావు, నా ఎదుట అరగంటలో అయిపోయింది. అక్క కొట్టు చూపించి పిల్లను సంపాదించిన మొదటి మొగోడివి నువ్వే అయి ఉంటావు. ఆయన ఛాయ్ చల్లారిందన్న మాట చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. గర్వంగా కూడా ఉంది, దాచను.

సబియాకు అడవి తేనె పంపుతున్నాను. ఉప్పలయ్య అన్న వరంగల్ వస్తున్నాడు, ఇంటికే తెచ్చిస్తాడు. దీపాలు పెట్టినందుకు నా తరఫున ఆమెకు షుక్రియా చెప్పు. నేను వచ్చాక ఇద్దరం కలిసి చూసుకుంటాం.

పోగు కడుతున్నారా? దరఖాస్తుకు జవాబు వచ్చిందా? రెండింటికీ జవాబు రాయి. నీ ఉత్తరాల్లో నేను అడిగినవి తప్ప అన్నీ ఉంటున్నాయి.

ఆపా


కొత్తవాడ
21 డిసెంబరు 2025

ఆపాకు,

జర కోపంగానే రాస్తున్నాను. నువ్వు జామపండు రంగు సంగతి పూర్తిగా చెప్పలేదు. చెప్పినట్టే చేస్తున్నాం. పసుపు, తరువాత ఎరుపు. వచ్చేది గాజుల రంగు. పాత సరుకు అయిపోయింది. కొన్నవాళ్ళు తిరిగి తెచ్చి ముఖాన కొడుతున్నారు. ఆట కంపెనీవాళ్ళు కూడా మళ్ళీ ఒక నమూనా పంపమన్నారు. సబియా అడిగింది, "మీ అక్క ఏదో దాసిపెట్టుకున్నట్టుంది, అడుగరాదు" అని. నాకు సిగ్గేసింది. సొంత తమ్ముడి దగ్గర దాపరికమా? మధ్యలో ఏం కలుపుతావో వెంటనే రాయి.

నిఖా ఫిబ్రవరి పదమూడున. దానికి ముందే నీ సంతకానికి రిజిస్ట్రేషన్ ఆఫీసులో తొమ్మిదో తారీఖు తీసుకున్నాను. ఆ రోజుకు తప్పకుండా రా.

అర్షద్


జాతర క్యాంపు
1 ఫిబ్రవరి 2026

అర్షద్‌కు,

మధ్యలో నేను ఏమీ కలపను. నీ ఉత్తరానికి అప్పుడే జవాబు రాశాను. జాతర పనుల్లో పడి ఉప్పలయ్య అన్న దాన్ని సంచిలోనే మరచిపోయాడట, నిన్న తెచ్చి చేతిలో పెట్టి తల దించుకున్నాడు. మంచిదే అయింది. అందులో నిన్ను బుజ్జగించాను, రంగు ఆరనిస్తున్నావా అని అడిగాను, సబియాకు గాజులు కొంటానని రాశాను. చించేశాను.

అమ్మవార్ల జాతరకు మమ్మల్నందరినీ దవాఖాన క్యాంపులో వేశారు. ఇంత జనానికి చాలాలని ఫోన్ల కంపెనీలవాళ్ళు బండ్ల మీద టవర్లు తెచ్చి నిలబెట్టారు. అడవిలో సిగ్నల్ వచ్చింది చోటూ. కాస్త సందు దొరకగానే భవాని ఫోను అడిగి తీసుకున్నాను. ఆటలో ఆమె పేరుతో తిరిగే బొమ్మతోనే లోపలికి పోయి చౌక్ దాకా నడిచాను. భవానికి ముందే చెప్పాను, మా అమ్మీ పేరున్న బోర్డు చూపిస్తా చూడు అని.

బోర్డు ఉంది, నిటారుగానే ఉంది. 'అర్షద్ సబియా కలర్ హౌస్'.

తలుపుకు పోగు లేదు. పోగు ఏదని వాకిట్లో పిలిచే పనిమనిషి బొమ్మను అడిగితే, కొన్నవాళ్ళకే సరుకు అంది. గోడ మీద నీ ఫోటో. కింద నీ కథ. అబ్బా గోలెంలో నీలం చెవుల పిల్లవాడు, వాకిట కట్టిన పోగు, నేల మీద పరిచిన గుడ్డ. నేను నీకు రాసిన మాటలే, ఒక్కటి పోకుండా. అక్క అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. పక్కనే కంపెనీవాళ్ళ ముబారక్ కూడా ఉంది, రంగులు తయారు చేసే పని నీకే ఇచ్చామని, నమూనా సరిపోగానే మొదలని. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇన్నాళ్ళూ ఊరి సామెత అనుకున్నాను.

భవాని నా వైపు చూడకుండా ఫోను తీసుకుంది. ఆమె చూడకపోవడమే నాకు ఎక్కువ నొప్పి అయింది.

ఇదంతా తెలియక జరిగిందని రాయి. అబద్ధమైనా సరే, నేను నమ్ముతాను.

నుస్రత్


కొత్తవాడ
5 ఫిబ్రవరి 2026

ఆపాకు సలామ్.

నువ్వింత బాధపడతావని అనుకోలేదు. నేను దొంగతనం చేయలేదు. నీ జులై ఉత్తరం నా దగ్గరే ఉంది. ఇల్లని కొట్టని విడదీసుకోలేదు, అంతా నీదే తమ్ముడూ అని నువ్వే రాశావు. సబియా వాళ్ళ అబ్బాకు కూడా అదే చూపించాను, అక్క మనసు ఇంత పెద్దదని. ఇప్పుడు కాదంటే నా ఇజ్జత్ ఏం కావాలి?

దరఖాస్తు నీ పేరు మీద పెడదామనే కూర్చున్నాను. మనిషి సిగ్నల్ ఉన్నచోట ఉండాలని అందులో ఉంది. నువ్వు లేవు. వదిలేయడం ఎందుకని నా పేరు పెట్టాను. ఇంట్లోకి వచ్చిన అన్నం ఎవరి పళ్ళెంలో పడితే ఏమిటి?

చివరికి అదొక ఆట ఆపా. బొమ్మలు, బొమ్మల కొట్టు. దానికోసం నిఖా ముందర ఇంత రాద్ధాంతమా? అమ్మీకి నీ ఉత్తరం చదివి వినిపించాను. చివరిదాకా వింది. తరువాత అంది: "ఆటల కొట్టు కోసం తమ్మునితోని లొల్లి పెట్టుకుంటదా ఎవరన్న? దానికి మొగడు లేడాయె, రేపు తమ్ముడు గూడ లేకుంటే ఏ గడపకు పోతది? సప్పుడు జేయకుంట వచ్చి సంతకం పెట్టుమను."

తొమ్మిదో తారీఖు పొద్దున పదిన్నరకు. రంగు సంగతి కూడా అప్పుడే చెబుదువు. కంపెనీవాళ్ళు ఇక ఆగరు.

నీ తమ్ముడు
అర్షద్


ములుగు
7 ఫిబ్రవరి 2026

అర్షద్‌కు,

ఇది తొందరగా చేరాలని ఉప్పలయ్య అన్నను బస్సెక్కించి పంపుతున్నాను. నీ చేతికే ఇస్తాడు. అమ్మీకి కూడా వినిపించు, నా ఉత్తరాలు ఆమెకు చదివి వినిపించడం నీకు అలవాటైందిగా.

అంతా నీదే అని రాసిన మాట నిజం. మన ఇంటికి ఎవరొచ్చినా ఇది మీ ఇల్లే అనుకోండి అంటుంది అమ్మీ. ఇప్పటిదాకా ఒక్కడూ మంచం ఎత్తుకుపోలేదు. ఆ మాటను నమ్మి మూటగట్టుకున్నవాడివి నువ్వొక్కడివే. అది మర్యాద అని నీకు తెలుసు. తెలియకపోతే దరఖాస్తు పెట్టానని రాసినప్పుడు ఎవరి పేరు మీదో కూడా రాసేవాడివి.

కొట్టు ఆట అన్నావు కదా, సరే. ఆట నీకే ఇచ్చేశాను. ఈసారి మర్యాదకు అనడం లేదు. రంగులో నేను దాచింది ఏమీ లేదు, మొదటి ఉత్తరం తీసి చూడు. పసుపు ఆరేదాకా ఆగాలి. నువ్వు ఆగలేదు, అంతే. ఒక్క రాత్రి ఆగితే కంపెనీవాళ్ళకు కావలసిన నమూనా దిగుతుంది. సబియాకు కూడా చెప్పు, ఆమె తప్పేమీ లేదు.

కానీ ఇల్లు ఆట కాదు. తొమ్మిదిన నేను రాను. అబ్బా ఇంట్లో నా వంతు మాఫ్ చేయడం లేదు. మన ఇళ్ళలో ఏ అక్క పెట్టలేదు? అని నేనే రాశాను. ఇదిగో, నేను పెట్టడం లేదు. నీ రెండు వంతులు నీవి, అమ్మీది అమ్మీకి, నా ఒక్క వంతు నాకు. షరియత్ ఇచ్చిన దాని మీద ఒక పోగు ఎక్కువ వద్దు. గోలేలున్న వెనక వైపు నాకు చాలు. అది లేకుండా బ్యాంకువాళ్ళు అప్పు ఇస్తారో లేదో నాకు తెలియదు, నీ మేడ సంగతి నువ్వు చూసుకో.

ఇది రాస్తున్నవి పరాయి చేతులు కావు. నిన్ను ఎత్తుకుని తిరిగిన చేతులే. నీ నీలం చెవులు సున్నిపిండి పెట్టి తోమింది కూడా వీటితోనే. రేపటి నుంచి గల్లీలో నన్ను వాటా అడిగిన ఆడది అంటారు. ఖులా తీసుకున్న ఆడది అని విన్నదాన్ని, ఇది కూడా వింటాను.

నా గడప గురించి ఫికర్ చెయ్యొద్దని అమ్మీకి చెప్పు. మార్చిలో వచ్చి వెనక గోడకు ఒక తలుపు పెట్టించుకుంటాను. పెట్టిన రోజు దానికి ఒక పోగు కడతాను. నువ్వు కూడా వచ్చి తెంపుకుపోవచ్చు, ఉత్తగనే.

రంగుల అహ్మద్ బిడ్డ
నుస్రత్